అశ్వఖంజత్వ నిర్ణయ చరిత్రము

అవయవమునందలి లోపమును బట్టి యవయవి నంతటిని వ్యవహరించుట లోకస్వభావము. కన్ను పోయినవానిని గ్రుడ్డివాఁ డందుము. పోయినది కన్ను, గ్రుడ్డివాఁ డైనది మనుష్యుఁడు. ఏ యంగముయొక్క వికారముచే నంగియందు వికారము లక్షింపఁబడునో యా యంగమును దెలుపు పదమునకుఁ దృతీయావిభక్తి రావలయునని పాణినిమహర్షి ద్వితీయాధ్యాయ తృతీయపాదమున విధించియున్నాఁడు. పాదముచేఁ గుంటి యనునది దీనికి వ్యాఖ్యాత లొసఁగు నుదాహరణములలో నొకటి. విభక్త్యర్థములను బోధించు పండితుల కెల్ల నీ సూత్రము సుపరిచితము. ఈ తృతీయావిభక్తి యందు వైద్యులకుఁ గావలసిన ప్రశ్నయు నిమిడి యున్నది. గుఱ్ఱము కుంటుచున్నది, సరే, దేనిచేతఁ గుంటుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే రెండువేల యేండ్లకుఁ బైఁబడిన యశ్వఖంజత్వనిర్ణయ చరిత్రము.

కుంటుట స్వయముగా వ్యాధి కాదు, వ్యాధికి లింగము. ధూమమును జూచి వహ్ని నూహించునట్లు కుంటును జూచి వ్యాధిస్థానము నూహింపవలయును. మనుష్యరోగి నొప్పియున్న చోటు వ్రేలితోఁ జూపును. గుఱ్ఱమున కా శక్తి లేదు. కావున దాని నడకయే దాని వాక్కు. ఆ వాక్కునకుఁ బదచ్ఛేదము చేయ నేరనివాఁడు నొప్పి యొకచోట నుండఁగా మందు వేఱొకచోటఁ బెట్టును. ఈ పొరపాటు మిక్కిలి తఱచుగా జరుగుచోటు వెనుకకాలి గుల్ఫసంధి. అందుచే నీ వ్యాసమున నా సంధినే ప్రధానోదాహరణముగాఁ గైకొనుచున్నాను.

గుఱ్ఱపు వెనుకకాలి నడుమ వెనుకకు మొన తేలి కనఁబడు పెద్ద కీలును జూచి పలువురు మోఁకాలు వెనుకకు వంగినదని తలంతురు. అది మోఁకాలు కాదు. గుఱ్ఱపు మోఁకాలు పైని, కడుపుప్రక్కను, చర్మముచేఁ గప్పువడి యుండును. గుఱ్ఱము మనవలెఁ బాదమంతయు నేలపై నానించి నడచునది కాదు. ఒక్క వ్రేలి కొననే నేలపై మోపి నిలుచును. ఆ వ్రేలి గోరే గొరిజ. కావున మన మడమకు సమానమైన యెముక దానికి నేలనుండి చాలయెత్తున నుండును. వెనుకకుఁ బొడుచుకొని వచ్చిన యా మొనయే పార్ష్ణి. ఆ కీలే గుల్ఫసంధి. ఇది యొక్క కీలువలెఁ గనఁబడినను నిజముగా నొకదానిక్రింద నొకటిగా నాలుగు సంధుల సముదాయము. చలన మించుమించుగా నంతయుఁ బైసంధియందే జరుగును. క్రింది రెండు సంధులు మిక్కిలి స్వల్పముగాఁ గదలును. అయినను ఎముకలు పెరిగి గరుకువడి నొప్పి పుట్టించు దీర్ఘవ్యాధి ప్రాయికముగా నా క్రింది సంధులయందే కలుగును. పైసంధియందు నీరు చేరినచో మెత్తని వాపు పైకిఁ గనఁబడును. క్రింది సంధులలోని వ్యాధి పెక్కుమాఱులు కంటికిఁ గాని చేతికిఁ గాని చిక్కదు.

మన శాస్త్రకారు లీ విషయమున నేమి చేసిరో మొదట విచారింతము. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుఁడు మూలపురుషుఁడని ప్రసిద్ధి. హిందుస్థానీలోఁ బశువైద్యుని సాలోత్రి యనుట యాతని నామమునకు వికృతియే. నకులుని పేర వెలసిన అశ్వచికిత్సితమును, జయదత్తుని అశ్వవైద్యకమును ఉమేశచంద్రగుప్త కవిరాజు పరిష్కరింపఁగాఁ గలకత్తాలో బిబ్లియోథికా ఇండికా గ్రంథమాలయందు 1887లోఁ బ్రకటింపఁబడినవి. తంజావూరు సరస్వతీమహలు గ్రంథమాలలో నకులుని అశ్వశాస్త్రము 1952లోను, పుణెలో భోజుని శాలిహోత్రము 1953లోను వెలువడినవి. అంతకుఁ బూర్వమే, 1788లో, శాలిహోత్రగ్రంథము పారసీకభాషాంతరము ద్వారమున జోసెఫు ఎర్లెసుచే నాంగ్లభాషలోనికి వచ్చి కలకత్తాలో నచ్చుపడినది. సంస్కృతమునుండి పారసీకమునకు, పారసీకమునుండి యాంగ్లమునకు శాలిహోత్రుఁడు నడచిన త్రోవ యిది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందలి అశ్వాధ్యక్షప్రకరణము మఱియొక విధమున ముఖ్యమైనది. శ్యామశాస్త్రిగారు 1909లో మైసూరునందుఁ బ్రకటించిన యా గ్రంథమున గుఱ్ఱముల కొలఁతలు, మేఁత, శాల, నడకలు వివరింపఁబడినవి. చికిత్సాదోషముచేఁ గాని మందులోని దోషముచేఁ గాని వ్యాధి పెరిగినచోఁ బ్రతీకారమునకగు వ్యయమునకు రెట్టింపు దండమును, గుఱ్ఱము చెడిపోయినచో దాని మూల్యమే దండముగను విధింపఁబడినది. ఇట్లు వైద్యుఁడు తన నిర్ణయమునకు రాజునెదుట నుత్తరవాది యయ్యెను. నిర్ణయము తప్పిన ధనము పోవునను భయ మెచట నుండునో యచట లక్షణపరీక్షకుఁ బదును కలుగును.

ఖంజత్వమును గూర్చిన నిశితమైన యాలోచన మనుష్యవైద్యమునందును గలదు. సుశ్రుతసంహితయందు వాతవ్యాధినిదానమున ఖంజుఁడు, పంగువు, కలాయఖంజుఁడు నని మువ్వురు వేఱుచేసి చెప్పఁబడిరి. కటియందున్న వాయువు తొడనరమును లాగివేయఁగా నొకకాలు చెడినవాఁడు ఖంజుఁడు. రెండుకాళ్ళును జెడినవాఁడు పంగువు. నడక నారంభించునపుడు వడఁకుచుఁ గుంటుచున్నట్లు పోవుచు సంధిబంధములు సడలినవాఁడు కలాయఖంజుఁడు. ఇందు మూఁ డంశములు గమనింపఁదగినవి. కుంటు కాలియందుఁ గనఁబడినను కారణము కటియందుండవచ్చునని యొకటి. ఒకకాలి వ్యాధికిని రెండుకాళ్ళ వ్యాధికిని రూపభేదము కలదని రెండవది. నడక మొదలిడు క్షణమున వ్యాధి తన్నుఁ దాను బయటఁబెట్టుకొనునని మూఁడవది. అశ్వవైద్యుఁడు నేఁటికిని ఈ మూఁడింటిని మఱవరాదు.

ఇంతటి విచారమున్నను మన దేశమున గుఱ్ఱములను గొనువారి దృష్టి వేఱొకత్రోవఁ బోయినది. దానికిఁ గారణము లక్షణశబ్దమునకుఁ గల యర్థద్వయము. వ్యాధి నెఱుకపఱచునదియు లక్షణమే. శుభాశుభములను సూచించునదియు లక్షణమే. నుదుటిసుడి యెచట నున్నది, ఱొమ్ముసుడి యెట్లున్నది, వన్నె యెట్టిది, తెల్లని కాళ్ళెన్ని యను విచారము హయలక్షణగ్రంథములలో విస్తారముగాఁ బెరిగినది. విజయనగరరాజుల కాలపువాఁడగు మనుమంచిభట్టు తెనుఁగున రచించిన హయలక్షణగ్రంథముయొక్క పేరే యీ సంప్రదాయమును జాటుచున్నది. సుడికిని యజమానుని యదృష్టమునకును వ్యాప్తిగ్రహణమునకుఁ దగిన ప్రత్యక్షము లేదు. గొరిజ నేలఁ దాఁకునపుడు తల పైకెత్తుటకును ఆ ముందుకాలి నొప్పికిని సంబంధము వేయిమాఱులు చూడఁదగినది. రెండును లక్షణము లనియే వ్యవహరింపఁబడుటచే రెంటికిని సమానప్రామాణ్యము కలుగుట శాస్త్రమునకు హాని యయ్యెను.

ఈ హాని సామాన్యమైనది కాదు. దక్షిణదేశమునకు మేలిగుఱ్ఱములు సముద్రముమీఁదనే రావలసియుండెను. పదుమూఁడవ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో మాబారుదేశమున గుఱ్ఱముల రక్షణ మెఱిఁగినవారు లేక యవి యేఁటేఁటఁ జచ్చుచుండుననియు, వ్యాపారము తగ్గునని వర్తకులు అశ్వవైద్యుల నా దేశమునకు రానీయరనియు వ్రాసెను. పదునాఱవ శతాబ్దియందలి పోర్చుగీసు లేఖకుఁడు నూనిజు, సాళువ నరసింహుఁడు ఓడలోఁ జచ్చిన గుఱ్ఱముల తోఁకలు తెచ్చి చూపినను వానికిఁగూడ మూల్యమిచ్చెననియు, తరువాతి రాయలు ఏఁటికిఁ బదుమూఁడువేల గుఱ్ఱములు కొనుచుండెననియుఁ జెప్పెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున నేనుఁగులు గుఱ్ఱములు దెచ్చు ద్వీపాంతరవర్తకుల నాదరింపవలయునని యుపదేశించెను. ఇంత ధనము గుఱ్ఱములపై వ్యయమైన రాజ్యములందుఁ గాలి పరీక్ష సుడిపరీక్షకు లోఁబడి యుండుట విచారింపవలసిన చరిత్రాంశము.

పాశ్చాత్యులు తొలుతనే సత్యమును గనిరని తలంపరాదు. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దియందలి జెనోఫను గుఱ్ఱమును గొనునపుడు పాదములను మొదటఁ బరీక్షింపవలయునని వ్రాసెను; ఇది మంచి యారంభము. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దియం దప్సిర్తుఁడు సైన్యాశ్వములకు వైద్యము చేయుచు గ్రీకుభాషలో లేఖలు వ్రాసెను. రెండవ ఫ్రెడరికు చక్రవర్తి కొలువునందున్న జోర్డానుసు రుఫుసు పదుమూఁడవ శతాబ్ది నడుమ రచించిన గ్రంథమున గుల్ఫసంధియొద్దఁ గలుగు వాపులకు వేఱువేఱు నామము లిచ్చెను. 1598లో బొలోన్యాయందుఁ బ్రకటితమైన కార్లో రూయినీ గ్రంథము గుఱ్ఱపు శరీరమును ఛేదించి చూచి చిత్రించినది. 1761లో బుర్జెలా ఫ్రాన్సుదేశమున లియోనునగరమునఁ బశువైద్యపాఠశాలకు రాజానుమతి పొందెను. ఆ పాఠశాలలోనే చదివిన విలియము మూర్‌క్రాఫ్టు 1808లో బంగాళమునకు వచ్చి కుంఫిణీవారి యశ్వోత్పత్తిశాలల కధికారి యయ్యెను. చెన్నపట్టణమునఁ బశువైద్యకళాశాల 1903లో నేర్పడినది. ఇట్లు ఛేదనము, పాఠశాల, సేన యను మూఁడును గలసిన పిదపనే దేనిచేత నను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము సమకూడసాగెను.

ఇఁక నా సమాధానపద్ధతి యెట్టిదో చూతము. గుఱ్ఱమును జదునైన గట్టినేలపై మొదట నడిపించి తరువాత దుడుకునడకఁ బఱపుదురు. ఈ రెండవ నడకలో నొక ముందుకాలు, దాని కెదురుమూలనున్న వెనుకకాలు నొక్కసారి నేలఁ దాఁకును. అడుగులు సమముగాఁ బడవలసిన నడక యగుటచే సమత తప్పినచో వెంటనే తెలియును. నొప్పియున్న ముందుకాలు నేలఁ దాఁకునపుడు గుఱ్ఱము తల నెత్తును. మంచికాలు తాఁకునపుడు దించును. వెనుకకాలి విషయమునఁ దలకు మాఱుగాఁ గటిని జూడవలయును. నొప్పికాలివైపు కటి యెక్కువగా లేచిపడుచుండును. ఇచటనే గొప్ప భ్రమ కలదు. ఎడమవెనుకకాలు నొచ్చినపుడు గుఱ్ఱము బరువును ముందునకుఁ ద్రోయుటకై యా కాలు తాఁకినప్పుడే తల దించును. అదే క్షణమునఁ గుడిముందుకాలును నేలపై నుండును గదా. చూచువాఁడు తల దిగినది కుడిముందుకాలిపై గనుక నొప్పి యెడమముందుకాలియం దనుకొనును. వెనుకనున్న దోషము ముందునకు సంక్రమించినట్లు తోఁచుటచే మంచికాలికిఁ జికిత్స జరుగును.

గుఱ్ఱపు నడకల నిజస్వరూపము కంటికిఁ బట్టువడనిది. 1878లో మైబ్రిడ్జి యను ఛాయాగ్రాహకుఁడు పెక్కుపేటికల నొకవరుస నుంచి పరుగెత్తు గుఱ్ఱమును జిత్రించి, నాలుగుకాళ్ళును నేలను వీడు క్షణ మున్నదని స్థాపించెను. అంతకుముందు చిత్రకారులు వ్రాసిన గుఱ్ఱపుపరుగులు పెక్కు లసత్యములని తేలెను. కన్నులు తెఱచి చూచుటయే చాలదనుటకు మఱియొక సాక్ష్యము 2010లోఁ బ్రకటింపఁబడినది. అనుభవజ్ఞులగు వైద్యులు పలువు రవే గుఱ్ఱములను జూచి ఫలాని కాలు కుంటుచున్నదా లేదా యని చెప్పిరి. కుంటు స్పష్టముగా నున్నపుడు నూటికి 93 పర్యాయములు వారి కైకమత్యము కలిగినది. స్వల్పముగా నున్నపుడు 62 పర్యాయములు మాత్రమే.

గుల్ఫసంధి పరీక్షకై చిరకాలముగా నొక యుపాయము వాడుకలో నున్నది. వెనుకకాలి నెత్తి మడిచి యించుమించు నిమిషము నిమిషమున్నర పట్టి, విడిచినవెంటనే దుడుకునడకఁ బఱపుదురు. కుంటు హెచ్చినచో గుల్ఫమునందు వ్యాధి యున్నదని ప్రాచీనాశ్వవైద్యులు నిశ్చయించిరి. ఈ లక్షణమున కతివ్యాప్తిదోషము కలదు. గుఱ్ఱపు వెనుకకాలిలో మోఁకాలిని, గుల్ఫమును ముందువెనుకల రెండు స్నాయురజ్జువులు బంధించి యుండును. ఒకటి ముడిఁగినచో రెండవది ముడుఁగక తప్పదు. కావున గుల్ఫమును వంచితి ననుకొన్నవాఁడు మోఁకాలిని దుంటికీలునుగూడ వంచియే యుండును. మోఁకాలి వ్యాధియందును ఈ పరీక్షచేఁ గుంటు పెరుగును. వ్యాధి లేని గుఱ్ఱము సైతము గట్టిగాఁ బట్టినచో నొకటిరెం డడుగులు కుంటవచ్చును.

ఆ బంధమే మఱియొకచోట నిర్దుష్టలక్షణము నిచ్చుచున్నది. ముందువైపు రజ్జువు తెగినచో మోఁకాలు వంగియుండఁగా గుల్ఫము చాఁచుట సాధ్యమగును. మడమమొనపైనున్న నరము సడలి ముడుతపడును. ఆరోగ్యమైన గుఱ్ఱమున నిట్లు జరుగుట యసంభవము. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము లను మూఁడు దోషములును లేని లక్షణమున కింతకంటె మంచి యుదాహరణము తార్కికులకు దొరకుట యరిది.

ఒక్కొక కాలు వేఱుగా నొచ్చినపుడే వైషమ్యము కనఁబడును. రెండు గుల్ఫములును సమముగా వ్యాధిగ్రస్తములైనచో గుఱ్ఱము కుంటక, అడుగులు కుఱుచచేసి, దూఁకుటకు వెనుదీయుచు, మలుపులయందు మొండికెత్తును. రౌతు దానిని సోమరియనియు దుష్టాశ్వమనియుఁ గొరడాతో శిక్షించును. సుశ్రుతుఁడు ఖంజునకును పంగువునకును గల్పించిన భేద మిచట స్మరింపఁదగినది. అట్టి గుఱ్ఱపు టొకకాలికి నొప్పి తెలియకుండఁ జేసినతోడనే రెండవకాలు స్పష్టముగాఁ గుంటును. దాఁగిన వ్యాధి యట్లు బయటఁబడును.

నొప్పి తెలియకుండఁ జేయుట యను నీ పద్ధతికి మూలము 1884లో వియన్నాయందుఁ గోలరు కనుఁగొన్న కొకెయిను ప్రయోగము. కొలఁదికాలమునకే యశ్వవైద్యులు దానిని గ్రహించిరి. గొరిజనుండి యారంభించి క్రమముగాఁ బైకిఁ బోవుచు నొక్కొక్క నాడిని మొద్దువాఱఁజేసి గుఱ్ఱమును నడిపింతురు. ఎచటఁ గుంటు మాయమగునో నొప్పి యా చోటికి లోఁబడి యున్నదన్నమాట. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని మనవారు చెప్పిన రోగజ్ఞానోపాయములలో నాలుగవదానికి నిది మిక్కిలి దగ్గఱ. అయిన నీ సాదృశ్యమును బట్టి మన పూర్వులకు నాడీస్తంభనము తెలియునని వ్రాయుట న్యాయము కాదు. ఔషధాన్నవిహారములచేఁ గలుగు సుఖమును బట్టి వ్యాధి యెట్టిదో యూహించుట యుపశయము. నాడీస్తంభనము వ్యాధి యెచట నున్నదో చెప్పును. ఒకటి స్వరూపమునకు, రెండవది స్థానమునకు సాధనము. తర్కమార్గ మొకటియే, ప్రయోజనము వేఱు. ఈ సాధనమునకుఁగూడ దోషము లేకపోలేదు. క్రిందిసంధిలో నెక్కించిన మందు ప్రక్కనున్న సంధికిఁ గాని స్నాయువునకుఁ గాని వ్యాపించి యక్కడి నొప్పినిగూడ నడఁచవచ్చును.

1895లో రాంట్‌గెను కనుఁగొన్న కిరణములు మరుసటి యేఁడే గుఱ్ఱపుఁగాళ్ళపైఁ బ్రయోగింపఁబడినవి. ఎముకను జూడఁగలిగితిమి గదా యని సందేహములన్నియుఁ దీరలేదు. ఛాయాచిత్రమున గుల్ఫాస్థులు గరుకువడి కనఁబడిన గుఱ్ఱము కుంటకపోవచ్చును. కుంటు గుఱ్ఱపుటెముకలు నున్నగా నుండవచ్చును. వ్యాధి ముదిరి క్రిందిసంధు లతుకుకొనిపోయినపిమ్మట నొప్పి తగ్గి కుంటు మాసిపోవుటయుఁ గలదు. కావున నెముకవికారము వేఱు, నొప్పి వేఱు. అంగవికారమును జూచినంతమాత్రమున నంగివికారమున కదియే కారణమని సిద్ధాంతము చేయరాదు. పాణినీయమున నంగిని లక్షింపఁజేయు వికారమునకే తృతీయ విధింపఁబడినదని గుర్తుంచుకొన్నచో నీ జాగ్రత్త తానై కలుగును.

నిర్ణయదోషమునకు మూల్యము చెల్లించినది మూఁగజంతువు. గుల్ఫముమీఁదను స్నాయువులమీఁదను ఎఱ్ఱగాఁ గాల్చిన యినుముతో వాఁతలు పెట్టుట ప్రాక్పశ్చిమదేశములు రెంటను జిరకాలము ప్రసిద్ధచికిత్సగా నుండెను. వాఁత పిమ్మట గుఱ్ఱము కొన్ని నెలలు విశ్రాంతి పొందును. మేలు విశ్రాంతివలనఁ గలిగినను గీర్తి వాఁతకు దక్కినది. స్నాయువులకుఁ బెట్టిన వాఁతలవలన మేలు లేదని బ్రిస్టలు పండితులు 1983లోఁ బరీక్షాపూర్వకముగాఁ బ్రకటించిరి. కాకతాళీయమును కార్యకారణభావముగా గ్రహించుటవలని దోష మింత దీర్ఘకాలము నిలుచుట శాస్త్రజ్ఞులకుఁ గనువిప్పు కావలయును.

ఈ చరిత్రమువలన మన పరిషత్పండితులకుఁ గలుగు కర్తవ్యమును జెప్పి ముగింతును. మన నిఘంటువులలో జోడన, తురికి, రవగాలు మొదలగు మాటలకు అశ్వగతివిశేషమను నర్థము తఱచుగాఁ గానవచ్చును. అమరసింహుఁడు చెప్పిన ధౌరితకము, వల్గితము మున్నగు నైదు ధారలకును ఇదే గతి. కాలి భాగములకుఁ గల పేరులకు అశ్వావయవవిశేష మని వ్రాసి యూరకుందుము. ఏ గతియందు నే కాళ్ళు కలసి పడునో తెలియనిచో నా గతియందుఁ గనఁబడు వికారమును జెప్పు శ్లోకము మనకుఁ దెలియదు. ఏ పేరు గుల్ఫమునకో యేది మోఁకాలికో నిశ్చయింపనిచోఁ జికిత్సాశ్లోకమునకు మనము చెప్పు నర్థము వైద్యుని చేతి నొకకాలినుండి వేఱొకకాలికి మరల్చును. విశేష మనుమాట సందేహమును గప్పిపుచ్చునే కాని తీర్పదు.

కావున నశ్వశాస్త్రగ్రంథములను బరిష్కరించువారు తాళపత్రములతోపాటు సజీవమైన గుఱ్ఱమునుగూడఁ బ్రత్యంతరముగా గ్రహింపవలయును. పశువైద్యకళాశాలలలోని యధ్యాపకుని బ్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని యొక్కొక యవయవనామమును శరీరముపైఁ జూపి నిర్ణయింపవలయును. గ్రంథమున సుడులనుగూర్చిన భాగము నాచారచరిత్రకును, గతులు సంధులనుగూర్చిన భాగమును వైద్యచరిత్రకును వేఱుపఱుపవలయును. అట్లు చేసినచో శాలిహోత్రసంప్రదాయమున నెంత పరీక్షకు నిలుచునో, యెంత నిలువదో స్పష్టమగును. నిలిచినదానిని గౌరవింతము, నిలువనిదానిని జరిత్రగా భద్రపఱుతము. శబ్దమునకు సరియైన యర్థమును, కుంటునకు సరియైన కాలిని గుర్తించు పని యొక్కటియే. రెండింటను "దేనిచేత" నను ప్రశ్నకు నిలుకడగా సమాధానము చెప్పువాఁడే విద్వాంసుఁడు.